షిరునై స్టేషన్ ఎందుకు మూతపడింది

అక్టోబర్ 4
రైల్వేవాళ్లు బండెక్కేవాళ్లను లెక్కపెట్టడానికి వచ్చే రోజున ఊరందరినీ బండెక్కిస్తానని హటాయామ తెత్సుజో నాకు మాట ఇచ్చాడు. తప్పాడు. ఆ చలికాలం దాటగానే షిరునై స్టేషన్ మూసేశారు. ముప్ఫై ఏళ్లు దాటింది. ఇప్పుడు వెయిటింగ్ రూమ్ గోడకు స్టేషన్ చరిత్ర బోర్డు పెడతారట. పంతులు పని చేసినవాణ్ణని నన్ను రాయమన్నారు. పాత చైనా చరిత్రకారులు తప్పు చేసినవాడి పేరు దాచేవారు కాదు. నేనూ దాచను.

ముల్లంగి బాగా ఊరింది. రెండు గిన్నెల అన్నం తిన్నాను.

అక్టోబర్ 9
డ్రాఫ్ట్ మొదలు. అడవి కలప కోసం లైను వేశారు. కలప అయిపోయాక బంగాళాదుంపలు, అవి లారీలెక్కాక బడిపిల్లలు, వాళ్లు పట్నం చేరాక మేము. ఎక్కేవాళ్లను ఒక రోజు లెక్కపెట్టి, లైను ఉంచాలో వద్దో తేలుస్తామన్నారు. ఊరిపెద్ద హటాయామ. లెక్కపెట్టే రోజున నేను జ్వరంతో పడుకున్నాను. ఊరంతా పారలతో వెళ్లి ప్లాట్‌ఫాం మీద మంచు ఎత్తిపోసింది. బండి రాగానే వరసగా నిలబడి, నడుములు వంచి దండం పెట్టింది. బండి కదిలిపోయింది. ఒక్కరూ ఎక్కలేదు.

అక్టోబర్ 10
హటాయామ నిర్లక్ష్యం వల్ల స్టేషన్ పోయింది అని రాశాను. చాలా హాయిగా ఉంది.

అక్టోబర్ 15
హటాయామ వచ్చాడు. డ్రాఫ్ట్ ముందు పెట్టాను. నా పేరు ఇంకాస్త పెద్దక్షరాల్లో రాయించరా పంతులూ, నాకు చూపు ఆనదు, అన్నాడు. అంతే. నా టీ తాగి, ఇది టీయా గడ్డినీళ్లా అని తిట్టి మరీ పోయాడు. సిగ్గు లేదు.

అక్టోబర్ 21
అప్పట్లో స్టేషన్లో టికెట్లు అమ్మిన నత్సుయో ఊరబెట్టిన చేప తెచ్చింది. డ్రాఫ్ట్ చూసి, అయ్యో మాస్టారూ, ఇన్నేళ్లూ ఇదా మీరు అనుకుంటున్నది, అంది. ఎక్కండి ఎక్కండి అని హటాయామ గొంతు చించుకున్నాడట. బండి మెట్టు మీద మొదటి కాలు పెట్టింది కూడా అతనేనట. పార అడ్డం పెట్టి ఆపింది కినుయే అట. నా భార్య. ఆ బురద బూట్లతోనా? పాపం వాళ్లు తుడిచి పెట్టుకున్న బండి! మన ఊరి పరువేం కాను, దిగండి దిగండి, అందట. అందరూ వంగి బూట్లు చూసుకున్నారట.

స్టేషన్ పోయాక కినుయే అక్క సిగ్గుతో కుమిలిపోయింది మాస్టారూ, మీకు చెప్పొద్దని హటాయామ గారే మా అందరి చేతా ఒట్టు వేయించుకున్నారు, అంది నత్సుయో.

ముమ్మాటికీ కినుయేనే. బడి తనిఖీకి వచ్చినవాళ్ల బూట్లు కూడా తుడిచి పెట్టిన మనిషి. నవ్వొచ్చింది. ఇద్దరం కూర్చుని చేప మొత్తం తిన్నాం.

అక్టోబర్ 22
పేరు కొట్టేశాను.

నవంబర్ 3
బోర్డు పెట్టారు. షిరునై వాసుల మర్యాద వల్ల ఈ స్టేషన్ మూతపడింది, అని ఉంది. నా పేరేదిరా, ఇంత చలిలో దానికోసమే నడిచొచ్చాను, అని హటాయామ నా మీద అరిచాడు.

నవంబర్ 4
కినుయే బతికుండగా తెలిసి ఉంటే ఆ బూట్ల సంగతి ఎత్తి రోజూ ఏడిపించేవాణ్ణి. మూతి ముడిచేది, తర్వాత నవ్వేది. ఆ నవ్వు నాకు దక్కకుండా చేసినవాడు ఒక్కడే. హటాయామ తెత్సుజో.