తుక్కుకి పోని కారు

పెద్దోడా, నేనూ కారూ క్షేమంగా ఉన్నాం, కంగారుపడకు.

స్టీరింగు ఎడమకి లాగేస్తోంది, ఇక బాగుపడదని తుక్కువాడికి మాటిచ్చావట. మీ నాన్న నాకు వదిలిన కారుకి బేరం పెట్టడానికి నువ్వెవడివిరా? అందుకే మీ చిన్నమామయ్య చేత నడిపించుకుని ఈ ఊరి మెకానిక్ షెడ్డుకి తెచ్చాను. మేస్త్రీ మూడుసార్లు సరిచేశాడు, మూడుసార్లూ ఎడమకే పోయింది. నాలుగోసారి పక్కనే స్టూలు వేసుకు కూర్చున్నాను. కారుని జాకీ మీద లేపి, గాలిలో వేలాడే చక్రాలకి దారం పట్టి కొలుస్తున్నాడు.

"ఏమయ్యా, కాళ్ల మీద బరువు పడకుండా కుంటో కాదో ఎలా తెలుస్తుంది? కిందికి దింపి కొలువు."

"మామ్మగారూ, మీరేమైనా చదువుకున్నారేంటి?"

"అక్షరం ముక్క రాదు. కళ్లు మాత్రం పనిచేస్తున్నాయి."

దింపి కొలిస్తే చిటికెన వేలంత తేడా! సరిచేశాక బాణంలా తిన్నగా పోతోంది.

కోడలి నడుం నొప్పి తగ్గిందా? నా కళ్లజోడు కాడ అతికించావా? ఈ కార్డు రాస్తున్నది మీ చిన్నమామయ్యే. నా మాటలు మెత్తగా మార్చబోయి మొట్టికాయ తిన్నాడు.

ఆదివారం పొద్దున్నకి వస్తాం, గేటు బార్లా తీసి ఉంచు. కోడలికీ పిల్లలకీ నా దీవెనలు. నీకు మాత్రం తుక్కువాణ్ణి పంపేశాకే.

అమ్మ