బూట్ల పక్కన రాసిన పేరు

బాపూ, ఎట్లున్నావు? నువ్వు పోయి పదకొండు నెలలు. నీతో చెప్పాల్సినవి చాలా పోగయ్యాయి... ఇదొక్కటి మాత్రం ఇవాళే చెప్పాలి.

ఒకటో తరగతి పిల్లలతో బొమ్మలు గీయించి, ఏది ఏమిటో పక్కన పేరు రాయిస్తానంటే నవ్వేవాడివి. "పిల్లికి పిల్లి అని రాపిచ్చుడు గూడ కొలువేనా బిడ్డా?" అనేవాడివి. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు విను.

శ్రావ్య అని ఒక పిల్ల. వాళ్ల నాన్నదీ నీలాగే బొగ్గుబాయి డ్యూటీ. నోరు విప్పదు, ఒక్క అక్షరం రాయదు. బొమ్మలు మాత్రం గీస్తుంది. అంగన్‌వాడీకే వెనక్కి పంపుదామన్నారు హెడ్మాస్టరు. నెలాఖరు దాకా ఆగమని బతిమాలాను.

ఇల్లు గీయమన్న రోజు అమ్మ, చెల్లె, కోడిపిల్ల వేసింది. గడప పక్కన రెండు నల్లటి బూట్లు. వాటి నుంచి ఒక గీత లాగి, తనంతట తానే రాసింది... నాన్న.

మొట్టమొదటి మాట! నేనేం చేశానో తెలుసా? ఎర్ర పెన్నుతో కొట్టేసి, బూట్లు అని రాశాను. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాయంత్రం వాళ్లమ్మ చెప్పింది. ఆ వారం ఆయనకు సెకండ్ షిఫ్టు. పిల్ల పడుకున్నాక వస్తాడు, బడికి బయల్దేరేటప్పుడు నిద్రలో ఉంటాడు. గడప దగ్గర బూట్లుంటే నాన్న ఇంట్లో ఉన్నట్టు. చిన్నప్పుడు నీ బూట్లు చూసే కదా బాపూ, నువ్వు పడుకున్నావని మేం గొంతు తగ్గించి మాట్లాడుకునేది! కంపెనీ క్వార్టర్లో పెరిగినదాన్ని... నాకెందుకు తట్టలేదు? సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు శ్రావ్యకు సారీ చెప్పి కొత్త కాగితం ఇచ్చాను. మళ్లీ అదే గీసింది, అదే రాసింది. బూట్లకు నాన్న అని రాస్తే రాయడం వచ్చినట్టా అన్నారు హెడ్మాస్టరు. వచ్చినట్టేనని పిల్లలందరి ముందే గట్టిగా చెప్పాను. ఆయనకు ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి.

సోమవారానికి వాళ్ల నాన్నకు షిఫ్టు మారింది, సాయంత్రాలు ఇంట్లో ఉంటాడు. ఈసారి బొమ్మలో ఇంటి ముందు ఒక మీసాలాయన, మొహమంతా నవ్వు. పక్కన రాసింది, నాన్న. గడప దగ్గర బూట్లు కూడా ఉన్నాయి. వాటికి గీత లాగి, బూట్లు అని రాసింది. నేను చెప్పలేదు బాపూ, ఒట్టు! హెడ్మాస్టరు ఆ కాగితం చూసి, ఇక అంగన్‌వాడీ మాట ఎత్తనన్నారు. శ్రావ్య నా తరగతిలోనే ఉంటుంది.

గర్వంగా ఉంది... ఆ పిల్లను చూసి, నన్ను చూసుకుని కూడా. నువ్వుంటే ఏమనేవాడివో?

ఇకమీదట ముందు పిల్లల్ని అడుగుతాను. తర్వాతే పెన్ను తీస్తాను.

నీ బిడ్డ,
సరిత