బోడిగుండు దయ్యం చివరి పేజీలు

వెర్రిబీ,
ఆగస్టు 1990.

గౌరవనీయులైన హెలెనా గారికి,

నేను టైపు చేసి పంపిన నవల ముగింపు మీ మనసును గాయపరిచినందుకు, లండన్ నగరంలోని సమస్త దయ్యాల తరఫునా మోకరిల్లి క్షమాపణ వేడుకుంటున్నాను.

నీ కోపం న్యాయమైనదే. రెండు వందల పేజీల పాటు లండన్ పోలీసుల పీకలు కొరికిన బోడిగుండు కుర్రాడి దయ్యం, చివర్లో బూట్లకు పాలిష్ పెట్టుకుని, ఊరు వదిలిపోయిన అమ్మాయి కోసం స్టేషన్లో నిలబడి వచ్చిన ప్రతి రైల్లోకీ తొంగిచూడటమేమిటి? "ఇది హారరా, ఏడుపా?" అని అడిగావు.

మీ ఇంటిల్లిపాదీ పెర్త్ వెళ్ళిపోయాక ఆదివారం ప్రార్థన కూడికలో మన వెనక వరుసలో నేనొక్కడినే మిగిలాను. మనం చేసినట్టే మొన్న ఇంకో దయ్యాల నవలకు కీర్తనల పుస్తకం అట్ట తొడిగి చదువుకుంటుంటే, ఏసుమణి ఆంటీ చూసింది.

"ఏం బాబూ, అంత లీనమైపోయావ్? ఆ పాటేదో నువ్వే ఎత్తుకో, మేమూ అందుకుంటాం," అంది.

నోటికొచ్చిన కీర్తన ఎత్తుకున్నాను. అందరూ అందుకున్నారు. రెండో చరణం ఎప్పుడూ నువ్వే అందించేదానివి కాబట్టి అక్కడ ఆగిపోయాను. ఆంటీ నాకు భక్తితో గొంతు పూడుకుపోయిందనుకుంది.

సరే, అసలు సంగతి. పాత పుస్తకాల షాపులో మనం కొన్న ఆ నవల ప్రతికి చివరి పేజీలు లేవు కదా. యూనివర్సిటీ లైబ్రరీలో ఇంకో ప్రతి దొరికిందనీ, అందులోంచి టైపు చేశాననీ నీకు చెప్పాను. అలాంటి పుస్తకం అక్కడ లేదు, హెలెనా. ఆ ఆరు పేజీలూ నేనే రాశాను.