తలుపు మీద తేలిన నామం

వడమాలపేట

అమ్మకు అమల దండాలు. ఇక్కడ నేను, ఆయన, అత్తమ్మ బాగున్నాము. అక్కడ నీ నడుము నొప్పి తగ్గిందనీ, నాయన వేళకు తింటున్నాడనీ తలుస్తాను. ఫోనులో మాట్లాడమంటావు గానీ, ఫోను పట్టుకుంటే నాకు ఊ, ఆ తప్ప మాట రాదు. రాస్తేనే మనసులోది బయటికి వస్తుంది. చెల్లి లోహితను నిదానంగా చదవమను.

అల్లుడు కార్లకు రంగు వేస్తాడంటే మన ఐరాలలో నవ్వుతున్నారని రాయించావు. "దాంట్లో ఏముండాది, గోడకు సున్నం కొట్టినట్టే గదా" అందంట గంగులమ్మత్త. ఆమెను ఒక్కరోజు మా షెడ్డుకు రమ్మను. పాడైన రంగును ట్యూబులైటు కింద ఏటవాలుగా చూస్తే చాలు, తప్పు ఎక్కడ జరిగిందో ఆయన చెప్పేస్తారు. చేపకళ్ళలా గుంటలు పడితే కింద నూనో మైనమో అంటిందని. నారింజ తొక్కలా గరుకుగా వస్తే రంగు చిమ్మే గన్ను మరీ దూరం పట్టారని. బొబ్బలు లేస్తే లోపల తేమో చెమటో చిక్కుకుందని. రంగు కొట్టే ముందు నేల తడిపి దుమ్ము అణుస్తారు. గాలి ట్యాంకులో చేరిన నీళ్ళు వదిలేస్తారు. రేకును జిడ్డు తీసే మందుతో తుడిచి, అది ఆరకముందే పొడిగుడ్డతో తుడుస్తారు. ఆ తరువాత ఒట్టి చెయ్యి తగలకూడదు. తలకు నూనె రాసుకున్న రోజు నన్ను షెడ్డు గడప దాటనివ్వరు! ముక్కుకు మాస్కు పెట్టుకుంటాడా అని అడిగావు. పెట్టుకుంటారు, దిగులుపడకు.

మొన్న వానలు వెలిశాక ఏకాంబరం అన్న వచ్చాడు. కొండకు యాత్రికులను తిప్పే టాక్సీ అతనిది. ఎండాకాలంలో ఆ కారు తలుపుకు మా ఆయనే రంగు వేశారు. ఇప్పుడు ఆ తలుపు మీద సన్నని బొబ్బలు వరసగా లేచి, అచ్చం స్వామి నామంలా తేలాయి. రోడ్డు మీది వాళ్ళంతా మూగారు. కర్పూరం వెలిగించారు.

"స్వామి వెలిసినాడప్పా! ఏ షెడ్డులో యేయించినావు?" అని అడిగేవాళ్ళే.

మా బావగారు తులసీరాం ఆయన చెవిలో, "నోరు మూసుకోని ఉండరా. రేపట్నించి బండ్లు బారులు తీరతాయి" అన్నారు.

ఆయన ఒక బొబ్బను గోటితో నొక్కారు. నీటిచుక్క బయటికి వచ్చింది.

"ఇది స్వామి గాదు ఏకాంబరన్నా. నా పనిలో తప్పు. రంగు కింద ఏందో ఉండిపోయింది. ఇట్లే వదిలితే రేకు తుప్పు పడతాది."

"స్వామినే తప్పంటావా? నోరు కడుక్కో పో!" అన్నాడు ఏకాంబరం అన్న.

"ఆ పొద్దు నేను తలుపు తుడిచి, గన్ను తెచ్చేదానికి లోపలికి పొయ్యినాను. అప్పుడు నువ్వు ఈడనే ఉన్నావు గదన్నా?"

ఏకాంబరం అన్న తల గోక్కున్నాడు. "శనివారం గదబ్బా... స్వామి పేరు అడుగున ఉంటే బండి సల్లగా ఉంటాదని, తిరుమణి సుద్ద తడిపి ఏలితో నామం పెట్టినా. మళ్ళా నా తువ్వాలతో తుడిచేసినాలే."

"ఆ తువ్వాల ఉతికి ఎన్నాళ్ళాయనో!" అని గుంపులో ఎవరో అనగానే అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నువ్వు భక్తితో పెట్టినావు. గన్ను పట్టే ముందు మళ్ళా చూసి తుడవాల్సింది నేను. తుడవలా. ఊరికే చేసిస్తా" అన్నారు.

నోరు మూసుకుంటే పేరు వచ్చేది. అందరి ముందు తప్పు తన మీద వేసుకున్న మనిషిని చూసి నాకు కళ్ళు నిండాయి. గంగులమ్మత్తకు ఇది చెప్పు.

అమ్మా, ఇక్కడి నుంచి నాయనకు వినబడకుండా చదవమను. "స్వామి మీద రంగు గోకే మిషను పెట్టనీయను. గోకాల్సిందే అయితే ఆ అమ్మణ్ణి చేత్తో గోకనీ" అన్నాడు ఏకాంబరం అన్న. ఆ నామాన్ని చెరిపింది నేనే. స్నానం చేసి, దండం పెట్టుకుని, నీళ్ళు చల్లుతూ ఉప్పుకాగితంతో రుద్దాను. బొబ్బల కింద, అదే వరసలో, తుప్పు చుక్కలు కనిపించాయి. ఏకాంబరం అన్న వంగి చూసి, "తినేస్తా ఉండాదే!" అన్నాడు.

శనివారం ఒంటిపొద్దు ఉండే నీకు ఇది చెప్పడానికి ఇంత దూరం రాయాల్సి వచ్చింది. పాపమంటావా? నాకు మాత్రం అనిపించలేదు. రంగుకు ముందు చివరి తుడుపు కూడా ఆయన నా చేతే చేయించారు.

రంగు ఆరి గట్టిపడ్డాక ఏకాంబరం అన్న తిరుమణి తెచ్చుకున్నాడు. తలుపు దాకా పోయిన వేలు ఆగింది.

"ఇప్పుడు పెట్టొచ్చునా అమ్మణ్ణీ?"

ఆయనను కాదు, నన్ను అడిగాడు. అంతమంది మగవాళ్ళ ముందు నాకు గొంతు వచ్చింది.

"పైన ఎంత పెద్దదైనా పెట్టుకోన్నా" అన్నాను.

ఇట్లు,
నీ పెద్ద కూతురు
అమల