వీధంతా పంచిన పూతరేకులు

అమలాపురం, 2006 శ్రావణం, ఆదివారం రాత్రి

ఒళ్లంతా హూనమైంది, అయినా నిద్ర రావడం లేదు. పొద్దున్న హైదరాబాద్ ల్యాబ్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. రోగాలతో పోరాడే రక్తకణాల్లోకి, మచ్చిక చేసిన వైరస్ చేత కొత్త జన్యువును పంపిందట. అవి గాజు పళ్లెంలో ఉన్న క్యాన్సర్ కణాలను చంపేశాయట. నా బంగారుతల్లి! ఆనందం పట్టలేక, మందు దొరికిందంటూ వీధంతా పూతరేకులు పంచేశాను.

సాయంత్రం ఆ సంగతి చెబితే అమ్మాయి కంగారుపడింది. "ఇంకా ఎలకల్లో చూడాలి నాన్నగారూ. మనుషుల దాకా రావాలంటే ఏళ్లు పడుతుంది."

రక్త క్యాన్సర్‌తో మంచం పట్టిన నా భార్యకు ఈ మాట తెలియదు. అన్నమే సయించని మనిషి, పూతరేకు మొత్తం తినేసింది.

"నాకెప్పుడు ఎక్కిస్తారంటండీ?"

"ఆయ్, అమ్మాయిని కనుక్కుంటాను" అన్నాను.

ఇంకోటి ఇమ్మని చెయ్యి చాపింది.