సినిమాలో మిగిలిన నా భుజం

విజయవాడ, వన్ టౌన్

అక్కకి, పద్మ నమస్కరించి రాసేది.

నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ బావగారూ బాగున్నారా? నానమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? నా గురించి బెంగ పెట్టుకోకండి. మామూలు రోజుల్లో చీరల హోల్‌సేల్ కొట్లో పని, మొన్నటిదాకా సెలవు రోజుల్లో షూటింగు. ఉక్కకి ప్రాణం పోతోంది. మెస్సులో పప్పు నీళ్ళే. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త కందిపొడి పంపించు.

ఫోన్లో అయితే ఏడ్చేస్తానని రాస్తున్నాను. మా డైరెక్టరు గారి సినిమా పూర్తయింది. మొన్న ఆదివారం ఒక చిన్న హాల్లో వేశారు. ఆయన సినిమాల్లో కథ ఉండదని చెప్పాను కదా. గేదె మేడ మెట్లెక్కుతుంటే రైల్వే స్టేషన్ అనౌన్సుమెంట్లు వినిపిస్తాయి. పెళ్ళివాళ్ళంతా గొడుగులేసుకుని, కృష్ణలో మోకాళ్ళ లోతున నిలబడి భోంచేస్తారు. నాకు ముక్క అర్థంకాకపోయినా ఆయన చెప్పినట్టల్లా చేశాను. మొహానికి పసుపు పూసుకుని మిట్టమధ్యాహ్నం బజారంతా పరిగెత్తాను. తోపుడుబళ్ళవాళ్ళు నవ్వారు. అయినా హీరోయిన్ని నేనే అనుకున్నాను.

సినిమాలో నేను లేనక్కా.

ఉన్నది నువ్వు. మగ్గం చప్పుడు రికార్డు చేసుకోవడానికని ఆయన పామర్రులో మనింటికి వచ్చారు చూడు, ఆ రోజు కెమెరా కూడా తిరుగుతూనే ఉందట. తెగిన పోగు అతుకుతూ, "పక్కకి జరగవే, వెలుతురు పడట్లేదు" అని నన్ను కసిరావు. అదే! తెర నిండా నీ మొహం. అంత గందరగోళం తర్వాత నువ్వు కనబడగానే హాల్లో అందరూ ముందుకి వంగి చూశారు. నీకు అడ్డంగా ఒక భుజం. అది నాది.

బయటికొచ్చాక, "నా సీన్లన్నీ ఏవండీ?" అని అడిగాను.

"నువ్వు కెమెరా కోసం చేశావమ్మా. మీ అక్క దాని వంక చూడనైనా చూళ్ళేదు. తరవాతి సినిమాకి ఆవిడ వస్తారేమో అడుగుతావా?" అన్నారు.

ఒళ్ళు మండిపోయిందక్కా. దీనికోసం ఊరొదిలి వచ్చింది నేను. నువ్వు కూర్చున్న చోటినుంచి లేవను కూడా లేవలేదు! "అక్కకి ఇలాంటివి ఇష్టం లేదండీ" అని చెప్పేద్దామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. కానీ హాల్లో అంత కుళ్ళుకుంటూ కూడా నీ మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. అదే అడ్డొచ్చింది. "అడుగుతానండీ" అన్నాను.

అడుగుతున్నాను. వస్తావా? రానంటే నాకు సంతోషమే, దాచను. వస్తే మాత్రం నా గదిలోనే ఉండాలి. మంచం నాది, నువ్వు చాప మీద.

నానమ్మ కాళ్ళకి నా తరఫున దణ్ణం పెట్టు. బావగారికి నమస్కారాలు. తిట్టుకుంటే తిట్టుకో గానీ ఆ తర్వాతైనా దీవించు.

ఇంకా కోపంగానే ఉన్న నీ చెల్లెలు,
పద్మ