మూడో మంచం, నాలుగో మంచం

జగ్గయ్యపేట

డాక్టర్ సంయుక్త గారికి, మూడో మంచం బైపాస్ పేషెంటు నమస్కారాలు.

కుట్లు మానాయి, గుండె కులాసాగా ఉంది. ఒక తప్పు మాత్రం ఒప్పుకోవాలి. ఆపరేషన్ అయ్యాక మందగించే పొట్ట చూయింగ్ గమ్ నమిలితే త్వరగా కుదుటపడుతుందేమో చూద్దామని, గమ్ ఎవరికివ్వాలో మీరు చీటీలు తీశారు కదా. నా చీటీకి గమ్ వచ్చింది. నాలుగో మంచం మీది నందిగామ టీచరు వసుమతి గారికి రాలేదు. పక్కన మనిషి చూస్తుండగా ఒక్కదాన్నే నమలడం నా వల్ల కాలేదండి. పూటపూటా సగం తుంచి ఇచ్చా. "వద్దండీ, డాక్టరుగారు తిడతారేమో" అంటూనే ఆవిడ నోట్లో వేసుకునేవారు.

నిన్న ఆవిడ ఫోన్ చేశారు. "గమ్ లేకుండానే అందరికంటే ముందు తేరుకున్నారే!" అని మీరు ఆశ్చర్యపోయారట. ఆవిడ గమ్ సంగతి దాచేశారట. మీ పరిశోధన తప్పుదారి పట్టకూడదని రాస్తున్నా. ఆవిడని ఏ లెక్కలో వేసుకుంటారో మీ ఇష్టం, కోప్పడితే మాత్రం నన్నే కోప్పడండి.

సోమవారం ఇద్దరం ఒకే బస్సులో చెకప్‌కి వస్తున్నాం. నందిగామ దాకా ఆవిడకి సీటు ఆపుతా. వార్డుకి సంచెడు జామకాయలు తెస్తున్నా.

ఉంటానండి. జామకాయలకి మాత్రం చీటీలు తీయకండి.